టర్బో పికప్‌కి రోడ్డు మీద పనికొచ్చే పవర్: మన హైదరాబాద్ వేడిలో ట్యూనింగ్ ఎలా చేయించుకోవాలి

పికప్ కొన్న ఏడాదిలోపే మనలో చాలామందికి ఒక కోరిక పుడుతుంది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద లారీని దాటబోతే బండి ఒక్క క్షణం ఆగి లాగినట్టు ఉంటుంది. అనంతగిరి ఘాట్‌లో నలుగురు కూర్చుంటే మూడో గేరు నుంచి రెండుకు దిగాల్సి వస్తుంది. అప్పుడే ఎవరో ఒకరు "రీమ్యాప్ కొట్టించు అన్నా, బండి మారిపోతుంది" అంటారు. రీమ్యాప్ అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ)లో కొత్త సాఫ్ట్‌వేర్ ఫైలు ఎక్కించడం. బండి మారుతుంది, నిజమే. కానీ ఆ ఫైలు ఎక్కించే ముందు రెండు ఆదివారాలు బండిని కొలవడానికి, బాగు చేయడానికి పెట్టండి. నేను ఆ రెండు ఆదివారాలూ పెట్టకుండా మొదలుపెట్టి ఒక క్లచ్ సెట్ పోగొట్టుకున్నాను. ఆ క్రమం మీకు తప్పకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది డీజిల్ టర్బో పికప్‌ల గురించి. టర్బో అంటే ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పంకా. ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ లాంటివి. టర్బో డీజిల్ ఎస్‌యూవీలకు కూడా దాదాపు ఇదే వర్తిస్తుంది.

ముందు మీ బండి ఇప్పుడు ఎంత లాగుతోందో రాసిపెట్టుకోండి

స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి ఒక బ్లూటూత్ డాంగిల్ పెట్టి, ఫోన్‌లో యాప్ వేసుకోండి. మామూలు డాంగిల్‌తో ఒకేసారి పది రీడింగులు అడిగితే నెమ్మదిస్తుంది. అందుకని నాలుగే పెట్టుకోండి: ఆర్‌పీఎం, ఇన్‌టేక్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి), ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు వెళ్లే డీజిల్ ఒత్తిడి).

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి ఇన్‌టేక్ ప్రెషర్ చూడండి. హైదరాబాద్‌లో అది 95 కిలోపాస్కల్స్ దగ్గర ఉండాలి. పుస్తకాల్లో రాసే 101 సముద్ర మట్టం లెక్క. మన ఊరు సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి మన గాలి ఆ మేరకు పలచన. ఈ సంగతి తెలియక రీడింగులోంచి 101 తీసేసి, "నా టర్బో తక్కువ బూస్ట్ ఇస్తోంది" అని టెన్షన్ పడేవాళ్లను చూశాను. మీరు 95 తీసేయండి, మిగిలిందే బూస్ట్, అంటే టర్బో అదనంగా ఇచ్చే ఒత్తిడి.

ఇదే లెక్కలో ఇంకో సంగతి ఉంది. ఇంజిన్‌కి 230 కిలోపాస్కల్స్ కావాలనుకోండి. సముద్రం ఒడ్డున టర్బో గాలిని 2.27 రెట్లు ఒత్తితే చాలు. ఇక్కడ 2.42 రెట్లు ఒత్తాలి. అంటే అదే పనికి మన టర్బో ఎక్కువ తిరుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. చల్లటి దేశంలో సముద్ర మట్టం దగ్గర తయారైన ఫైలును తెచ్చి యథాతథంగా ఎక్కించుకోవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇక రోడ్డు మీద కొలత. డైనో (బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) దొరికితే అంతకన్నా మంచిది లేదు. లేకపోతే ఓఆర్ఆర్ టోల్ దాటాక మెయిన్ రోడ్డులో కలిసే ర్యాంప్ వాడుకోండి, అక్కడ ఎలాగూ అందరూ వేగం పెంచుతారు. తెల్లవారుజామున వెళ్లండి. నాలుగో గేరులో 60 నుంచి 100కి ఎన్ని సెకన్లు పడుతుందో మూడుసార్లు తీసుకోండి. ఒకరు నడపాలి, ఇంకొకరు ఫోన్ చూడాలి. ఒక్కరే రెండు పనులూ చేయొద్దు. సర్వీస్ రోడ్ల మీద అసలు వద్దు, అక్కడ పిల్లలు, గేదెలు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు ఉంటాయి. ప్రతిసారీ అదే ర్యాంప్, అంతే మంది మనుషులు, అదే టైరు గాలి, దాదాపు అదే వేళ ఉండాలి. ఇవి మారితే తర్వాత పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

పోయిన పవర్‌ని వెనక్కి తెచ్చుకోండి

నలభై యాభై వేల కిలోమీటర్లు తిరిగిన పికప్ ఏదైనా సరే, కొంత పవర్ ఎక్కడో కారిపోతూనే ఉంటుంది. ఎక్కువగా గాలి పైపుల దగ్గర.

టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ వేడి గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటిది), అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు హోసులు క్లాంపు కింద చీలుతాయి. పైనుంచి చూస్తే కనిపించదు. పరీక్ష ఇలా చేయండి: ఇంజిన్ ఆపి, చల్లారాక, టర్బో గాలి పీల్చే వైపు పైపు విప్పండి. ఆ సైజు పీవీసీ ఎండ్ క్యాప్‌కి ఒక ట్యూబ్ వాల్వు బిగించి అక్కడ పెట్టండి. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో నెమ్మదిగా 15 పీఎస్ఐ వరకు గాలి నింపండి, 20 దాటొద్దు. క్యాప్ ఎగిరిపడే అవకాశం ఉంటుంది, దాని ఎదురుగా నిలబడకండి. ఇప్పుడు ప్రతి జాయింటు మీదా సబ్బు నీళ్లు చల్లండి. బుడగలు వచ్చిన చోటే చీలిక.

నా బండికి ఈ పరీక్ష రాణిగంజ్ వెనక సందులో ఒక పెద్దాయన చేశాడు. నేను రీమ్యాప్ గురించి అడగడానికి వెళితే, ఆయన ముందు సబ్బు నీళ్లు తెప్పించాడు. ఇంటర్‌కూలర్ దగ్గర కింది హోసు బుసబుసా నురగ కక్కింది. "అన్నా, ఫైలు ఎక్కడికీ పోదు, ముందు ఈ పైపు మార్చు" అన్నాడు. కొత్త హోసు, రెండు క్లాంపులు వేశాక అదే ర్యాంప్ మీద 11.8 సెకన్లు పట్టేది 10.3కి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌ని ఎవరూ ముట్టుకోలేదు.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. కోకాపేట, నార్సింగి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు రోజూ తిరిగేవాళ్లు కంపెనీ చెప్పిన గడువులో సగానికే విప్పి చూడండి. ఆ కట్టడాల దుమ్ము అలాంటిది. కంపెనీ పేపర్ ఫిల్టరే వేయండి. నూనె రాసిన కోన్ ఫిల్టర్లు చూడటానికి, వినడానికి బాగుంటాయి. కానీ బానెట్ లోపలి వేడి గాలిని పీలుస్తాయి, ఆ నూనె తుంపర ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద పేరుకుంటుంది.

డీజిల్ ఫిల్టర్ కొత్తది వేయించి, నీళ్లు డ్రెయిన్ చేయించండి. ఇంజెక్టర్ల కరెక్షన్ విలువలు (ఒక్కోదానికి ఈసీయూ ఎంత డీజిల్ సర్దుతోందో) స్కానర్‌లో చూపించమనండి. నాలుగింటిలో ఒకటి మిగతా మూడింటికి దూరంగా ఉంటే దాన్ని టెస్ట్ బెంచి మీద పెట్టించాలి. బాగాలేని ఇంజెక్టర్ మీద పవర్ పెంచితే ఆ సిలిండర్ పిస్టన్ మీదే దెబ్బ పడుతుంది. టర్బో షాఫ్ట్‌ని వేలితో కదిపి చూడండి. పక్కకి కాస్త కదిలితే మామూలే. ముందుకూ వెనక్కూ ఆడితే, రెక్కలు గోడకు తగిలిన గీతలు ఉంటే మాత్రం ఇక్కడితో ఆగి టర్బో సంగతి తేల్చుకోండి.

గాలిని చల్లబరచండి

మే నెల మధ్యాహ్నం, బయట 42 డిగ్రీలు. ఆ గాలిని టర్బో 2.4 రెట్లు ఒత్తితే కంప్రెసర్ నుంచి బయటికి వచ్చేసరికి 150 డిగ్రీలు దాటుతుంది. దాన్ని మళ్లీ 60 దగ్గరికి దించాల్సింది ఇంటర్‌కూలర్. అది ఆ పని చేయలేకపోతే గాలి పలచనవుతుంది, అదే డీజిల్‌కి పొగ ఎక్కువవుతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. ఈసీయూ తనను తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గిస్తుంది. జనవరిలో ట్యూన్ చేయించుకుని "అదిరింది" అన్నవాళ్లే మేలో "పాతదే నయం" అనడం వెనక ఉన్న కారణం ఇదే.

మొదటి పని ఖర్చు లేనిది. ఇంటర్‌కూలర్ రెక్కల్లో ఇరుక్కున్న మట్టి, పురుగులు, ఆకులను మెల్లని నీటి ధారతో కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. రెండోది, గ్రిల్ ముందు అడ్డంగా పెట్టిన లైట్ బార్లు, నంబరు ప్లేటు ఫ్రేములు తీసేయండి. బుల్ బార్ ఉంటే అదీ తీయండి, అది గాలికీ అడ్డం, చట్టానికీ విరుద్ధం. ఇంటర్‌కూలర్ పైపులు విప్పినప్పుడు లోపల నూనె తడి కొంచెం కనిపిస్తే కంగారు పడకండి, బ్రీదర్ నుంచి వచ్చే ఆవిరి అది. గరిటెడు నూనె కారితే టర్బో సీల్ అనుమానించాలి.

పెద్ద ఇంటర్‌కూలర్ కావాలా? లాగ్ (యాప్ దాచిపెట్టిన రీడింగులు) చూసి తేల్చండి. ర్యాంప్ మీద ఒక పుల్ (60 నుంచి 100కి ఒక పరుగు) మొదలయ్యేటప్పుడు, ముగిసేటప్పుడు ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత ఎంతుందో రాసుకోండి. అది బయటి వేడి కంటే 20, 25 డిగ్రీలకు మించి పెరగకపోతే ఉన్నదే చాలు. నా బండికి మార్చలేదు.

ఫైలు ఎక్కించే ముందు చట్టం, ఇన్సూరెన్స్

ఇంతవరకు చేసింది మరమ్మతు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పవర్ పెంచే రీమ్యాప్ దగ్గర సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అందుకని ముందు ఆర్టీఏ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో రాతపూర్వకంగా అడగండి. వాళ్లు కాదంటే ఆ ఫైలును ట్రాక్‌కీ, సొంత స్థలానికీ పరిమితం చేసుకోవాలి, రోడ్డుకి స్టాక్ (కంపెనీ) ఫైలుతోనే రావాలి. ఇన్సూరెన్స్‌కి చెప్పకుండా మార్చిన బండి ప్రమాదంలో ఇరుక్కుంటే క్లెయిమ్ దగ్గర నిలబడలేరు. వారంటీలో ఉన్న బండికైతే నేను వద్దనే చెబుతాను.

డీపీఎఫ్ (ఎగ్జాస్ట్‌లో మసిని పట్టే ఫిల్టర్), ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) తీసేయడం గురించి ఒక్క మాట. చేయొద్దు. ట్యూనర్ ఎంత తేలిగ్గా చెప్పినా చేయొద్దు. బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ బండికి పొల్యూషన్ పరీక్షలో పొగ పరిమితి మీటరుకు 0.7, పాత బీఎస్4 బండికి 1.62. డీపీఎఫ్ లేని బీఎస్6 బండి ఆ పరీక్ష నిజాయితీగా దాటడం కష్టం. పైగా ఆ మసి పీల్చేది మన వెనక సిగ్నల్ దగ్గర ఆగిన స్కూటర్ మీది పిల్లలే.

ట్యూనర్ దగ్గర ఏం అడగాలి

ఫైలులో మారేవి ప్రధానంగా ఇవి: యాక్సిలరేటర్ తొక్కితే ఎంత టార్క్ (తిప్పే బలం) అడగాలి, ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత టార్క్‌కి ఆపాలి, ఎంత గాలికి ఎంత డీజిల్ దాటకూడదు (ఇదే పొగ పరిమితి), బూస్ట్ లక్ష్యం, రైల్ ప్రెషర్, ఇంజెక్షన్ టైమింగ్. వీటిలో పొగ పరిమితిని పక్కకు తోసేసి డీజిల్ పోసేవాడి చేతిలో బండి మొదటి వారం బాగా లాగుతుంది, ఆ తర్వాత టర్బో, పిస్టన్లు దాని ధర కడతాయి.

నా మొదటి ఫైలు అలాంటిదే. దాదాపు 450 న్యూటన్ మీటర్ల టార్క్‌ని 1800 ఆర్‌పీఎం దగ్గరే ఇచ్చేశారు. సీటుకి వీపు అతుక్కుపోయేది, చాలా సంతోషపడ్డాను. మూడో వారం అనంతగిరి ఎక్కుతుంటే ఇంజిన్ శబ్దం పైకి పోయింది, వేగం పెరగలేదు, కాలిన వాసన వచ్చింది. క్లచ్ ప్లేటు జారుతోంది. 38 వేల కిలోమీటర్లకే మొత్తం సెట్ మార్చాల్సి వచ్చింది.

కంపెనీవాళ్లు గేర్‌బాక్స్‌ని బట్టే టార్క్ ఇస్తారనడానికి హైలక్స్ చూడండి. అదే 2.8 లీటర్ల ఇంజిన్, అదే 204 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). ఆటోమేటిక్‌కి 500 న్యూటన్ మీటర్లు, మాన్యువల్‌కి 420 మాత్రమే. స్కార్పియో-ఎన్ డీజిల్ 175 పీఎస్ రకంలోనూ ఆటోమేటిక్‌కి 400, మాన్యువల్‌కి 370. ఆ తేడా మీ ట్యూనర్‌కి తెలియాలి.

మీ లక్ష్యం ఇలా పెట్టుకోండి. వి-క్రాస్ 1.9 లీటర్ల ఇంజిన్ 163 పీఎస్, 360 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. మాన్యువల్ అయితే 410 దగ్గర ఆపించండి, ఆ టార్క్ కూడా 2200 ఆర్‌పీఎం నుంచి నిదానంగా రావాలి. 2200 దగ్గర 360 అంటే సుమారు 113 పీఎస్, 410 అంటే 128. ఊళ్లో, ఘాట్‌లో మీ పాదానికి తెలిసేది ఈ పదిహేను పీఎస్ తేడానే. పైన 3600 దగ్గర వచ్చే పెద్ద అంకె నెలకు ఎన్నిసార్లు వాడతారో ఆలోచించండి.

కూర్చుని మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్నలు అడగండి: నా బండి స్టాక్ ఫైలు చదివి పెన్ డ్రైవ్‌లో నాకు ఇస్తారా? ఎర్రర్ కోడ్‌లు ఏవైనా ఆపేస్తున్నారా? ఎక్కించాక లాగ్ తీసి మళ్లీ సరిచేస్తారా? మొదటి ప్రశ్నకు తటపటాయిస్తే టీ తాగి వచ్చేయండి.

ఫ్లాష్ చేసేటప్పుడు, అంటే ఫైలు ఎక్కించేటప్పుడు, బ్యాటరీకి సపోర్ట్ చార్జర్ పెట్టించండి, ఏసీ, లైట్లు, మ్యూజిక్ అన్నీ ఆపేయండి. మధ్యలో ఓల్టేజ్ పడిపోతే ఈసీయూ పాడైపోయి బండి అక్కడే నిలిచిపోవచ్చు.

రైల్ సెన్సర్ వైరుకి తగిలించే ట్యూనింగ్ బాక్సుల జోలికి నేను వెళ్లను. అవి సెన్సర్ రీడింగుని తగ్గించి చూపిస్తాయి, ఈసీయూ అది నిజమనుకుని ప్రెషర్ పెంచుతుంది. అసలు ఎంత ప్రెషర్ నడుస్తోందో ఆ తర్వాత ఎవరికీ తెలియదు.

ఎగ్జాస్ట్ వేడి చూసుకునే మీటరు

డబ్బు మిగిలితే దీనికి పెట్టండి, స్టిక్కర్లకీ సైలెన్సర్‌కీ కాదు. టర్బోకి ముందు మానిఫోల్డ్‌లో కే-టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్) పెట్టాలి. మానిఫోల్డ్ బండి మీద ఉండగా డ్రిల్ చేయనివ్వొద్దు, ఇనుప రజను టర్బో రెక్కల్లోకి పోతుంది. విప్పించి, బాలానగర్ వైపు ఏదైనా మంచి మెషిన్ షాపులో రంధ్రం, మర కొట్టించండి. పొడవాటి ఎక్కుడులో 700 డిగ్రీల లోపు ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను. 750 తాకితే పాదం ఎత్తేస్తాను. గట్టిగా నడిపి ఆపేటప్పుడు ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి, లేకపోతే టర్బో బేరింగులో నూనె మాడి గట్టిపడుతుంది.

బ్రేకులు, టైర్లు

పవర్ పెంచాక బండి అంతే బరువు, ఆపాల్సిన వేగం మాత్రం ఎక్కువ. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లు దాటితే మార్చండి, ముందు ప్యాడ్లు మంచివి వేయండి. పికప్ వెనక ఖాళీగా ఉంటే బరువంతా ముందే ఉంటుంది. తొలకరి వానకి ఫ్లైఓవర్ మీద జిడ్డు పైకి తేలినప్పుడు, మలుపులో టర్బో ఒక్కసారి అందుకుంటే వెనక చక్రాలు పక్కకి జారతాయి. అలాగని పొడి తారు రోడ్డు మీద ఫోర్ బై ఫోర్ వేసి నడపకండి, పార్ట్ టైం సిస్టంలో గేర్లు బిగుసుకుంటాయి. 31 అంగుళాల టైర్లు తీసి 33 వేయించుకుంటే చక్రం దగ్గర లాగుడు 6 శాతం పోతుంది. అంటే రీమ్యాప్‌తో కష్టపడి తెచ్చుకున్నదాంట్లో మంచి భాగం టైర్ల షాపులోనే వదిలేసి వచ్చినట్టు.

ఎక్కించాక నెల రోజులు

అదే ర్యాంప్‌కి వెళ్లి అదే కొలత మళ్లీ తీయండి. నాకు రెండో ట్యూనర్ ఇచ్చిన 410 ఫైలుతో 10.3 సెకన్లు 9.1 అయ్యింది. సమయం ఒక్కటే చూడకండి. బూస్ట్ లక్ష్యం దగ్గర స్థిరంగా నిలుస్తోందా, రైల్ ప్రెషర్ అడిగినంత వస్తోందా, మధ్యలో పడిపోతోందా చూడండి.

డీపీఎఫ్ ఉన్న బండికి పొగ కనిపించదు, కాబట్టి "పొగ రాలేదు, ట్యూన్ బాగుంది" అని తేల్చేయకండి. ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి రీజెనరేషన్ (డీపీఎఫ్‌లో పేరుకున్న మసిని బండి తానే కాల్చుకోవడం) అవుతోందో రాసుకోండి. ట్యూన్‌కి ముందు 400 కిలోమీటర్లకు అయ్యేది ఇప్పుడు 200కే అవుతుంటే డీజిల్ ఎక్కువ పోస్తున్నారని అర్థం, వెనక్కి వెళ్లి తగ్గించమనండి. హైటెక్ సిటీ ట్రాఫిక్‌లోనే తిరిగేవాళ్లు వారానికి ఒకసారైనా ఓఆర్ఆర్ మీద 20, 25 నిమిషాలు 2000 ఆర్‌పీఎం పైన ఆగకుండా నడపండి, ఆ మసి పూర్తిగా కాలడానికి. ఇంజిన్ ఆయిల్ కంపెనీ చెప్పిన గ్రేడే వాడండి, గడువు మాత్రం మూడో వంతు తగ్గించండి.

చివరి పరీక్ష మే నెలది. ట్యూన్ ఏ నెలలో చేయించుకున్నా, మేలో ఒక మధ్యాహ్నం ఏసీ వేసుకుని, నలుగురితో, అనంతగిరి ఎక్కి లాగ్ తీయండి. నా బండికి ఆ రోజు ఇన్‌టేక్ గాలి 71 డిగ్రీలకు, ఎగ్జాస్ట్ 740కి వెళ్లింది. లాగ్ పంపితే ట్యూనర్ 2800 ఆర్‌పీఎం పైన డీజిల్ కాస్త కోశాడు. మర్నాడు అదే మలుపు దగ్గర 690 చూపించింది, గేరు మూడులోనే ఉంది.